స్టేన్ స్ట్రీట్ వెంట: ఒక రోమన్ దారిని వెతుకుతున్న ప్రాజెక్టు డైరీ

నవంబరు, మొదటి వారాంతం

పని ఏమిటో ముందే రాసి పెట్టుకుంటే మంచిది. లండన్ బ్రిడ్జి దక్షిణపు కొస నుంచి దక్షిణ ఇంగ్లండ్‌లోని చిచెస్టర్ పట్టణపు తూర్పు ద్వారం దాకా రోమన్లు వేసిన దారి పేరు స్టేన్ స్ట్రీట్. క్రీ.శ. 43లో వాళ్ళ సైన్యం బ్రిటన్‌లో దిగింది. ఆ తర్వాత కొద్ది దశాబ్దాల్లోనే ఈ దారి పడింది. పొడవు సుమారు 91 కిలోమీటర్లు. చాలా ముక్కలు ఇప్పటికీ తారు కింద బతికే ఉన్నాయి. టూటింగ్‌లో ఏ24 రోడ్డు, ఆక్‌లీలోనూ బిల్లింగ్స్‌హర్స్ట్‌లోనూ ఏ29, చిచెస్టర్ దగ్గర ఏ285 దాని మీదే నడుస్తున్నాయి. లారీలు తిరిగే ఆ ముక్కల జోలికి నేను పోను. మధ్యమధ్యలో పాత దారి తారు రోడ్డును వదిలేసి పొలాల్లోకీ అడవుల్లోకీ దిగిపోతుంది. నాకు కావాల్సింది అదీ.

సర్వే మ్యాపుల్లో ఈ గీత ఎప్పటి నుంచో ఉంది కదా, కొత్తగా గీసేదేముంది అని ఎవరైనా అడగొచ్చు. మ్యాపు మీద గీత అంతా ఒకే రకంగా ఉంటుంది. దారి కోసం ఎత్తుగా పోసిన గట్టు కళ్ళెదుట కనిపించే చోటా అదే గీత, రెండు గట్ల మధ్య ఎవరో స్కేలు పెట్టి కలిపిన చోటా అదే గీత. నేను చేయదలుచుకున్నది ఆ రెంటినీ విడదీయడం. నేల మీద కనిపిస్తే ఎరుపు, విమానంలోంచి లేజర్‌తో నేల ఎత్తు కొలిచిన లైడార్ డేటాలో మాత్రమే కనిపిస్తే నారింజ, ఊహ మాత్రమే అయితే చుక్కల గీత. ఫైలుకి ‘మార్గరీ 15’ అని పేరు పెట్టాను. బ్రిటన్‌లోని రోమన్ దారులన్నిటికీ నంబర్లిచ్చిన ఐవన్ మార్గరీ లెక్కలో స్టేన్ స్ట్రీట్ నంబరు 15.

మాది హోర్షాం కాబట్టి దారిలో నడిమి భాగం ఇంటికి దగ్గరే. మొదటి రోజు తోడు వచ్చిన నరసరావుపేట తమ్ముడు ఏ29 మీద కారు నడుపుతూ, “అన్నా, రోడ్డు చూడ్డానికి రోడ్డు మీదే పోతున్నాం కదా, ఇంక వెతికేదేంటి?” అన్నాడు. ఆక్‌లీ ఊళ్ళో నిజంగా అంతే. పక్కన పెద్ద పచ్చిక మైదానం, మధ్యలో గీత గీసినట్టు రోడ్డు.

నవంబరు, వారం మధ్యలో రాత్రిళ్ళు

నడకకి ముందు లెక్క. లండన్ బ్రిడ్జి కొసకీ చిచెస్టర్ తూర్పు ద్వారానికీ బ్రిటిష్ గ్రిడ్ కోఆర్డినేట్లు తీసుకుని, మ్యాపులు గీసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక సరళరేఖ గీశాను. నేరు దూరం 88 కిలోమీటర్ల పైచిలుకు. ఆ రేఖ మీద యూవెల్ ఊరు సరిగ్గా పడింది. అంటే లండన్ నుంచి యూవెల్ దాకా, 20 కిలోమీటర్ల మేర, దారి ముఖం చిచెస్టర్ వైపే ఉంది. ఇక్కడ కాసేపు ఆగిపోయాను. మధ్యలో నార్త్ డౌన్స్ కొండలు, ఆ వెనక లీత్ హిల్ వరస, దాని తర్వాత సౌత్ డౌన్స్. ఈ కొసన నిలబడినవాడికి ఆ కొస కనిపించే అవకాశమే లేదు. అయినా దిక్కు తప్పలేదు.

యూవెల్ దాటాక మాత్రం దారి రేఖను వదిలేస్తుంది. తూర్పుకి జరుగుతూ మోల్ నది కొండల మధ్య కోసుకున్న సందులోంచి డార్కింగ్ చేరుతుంది. అక్కడి నుంచి 294 మీటర్ల లీత్ హిల్‌ని కుడిచేతి పక్కన వదిలేసి దక్షిణానికి దిగుతుంది. పుల్‌బరో దగ్గరికి వచ్చేసరికి అసలు రేఖకి దాదాపు 8 కిలోమీటర్లు పక్కకి వచ్చేసింది! అక్కడి నుంచి మళ్ళీ నైరుతికి తిరిగి చిచెస్టర్ పట్టుకుంటుంది.

మ్యాపు మీద ఎనిమిది కిలోమీటర్లు చాలా పెద్ద వంకరలా కనిపిస్తుంది. ముక్కముక్కగా కొలిచి కూడితే మొత్తం దారి 91 వచ్చింది. నేరు దూరంతో పోలిస్తే అదనంగా నడవాల్సింది రెండున్నర కిలోమీటర్లే. కొండ ఎక్కి దిగే బాధ తప్పించుకోడానికి ఎద్దుబండి వాడు సంతోషంగా ఇచ్చే ధర అది. “రోమన్ రోడ్డంటే తిన్నగా ఉంటుంది” అని అందరం అనేస్తాం కానీ, తిన్నగా ఉండేవి ముక్కలే. మలుపులు చూస్తే ఎక్కువగా ఎత్తు మీద, ముందూ వెనకా కనిపించే చోట ఉంటాయి. సర్వే మనిషి నిలబడి తర్వాతి ముక్కకి దిక్కు చూసుకున్నది అక్కడే. అందుకని ముందు మలుపుల్ని పట్టుకుందాం, గీతలు వాటంతటవే వస్తాయి అని నిర్ణయించుకున్నాను.

నవంబరు చివర

లైడార్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎవరైనా ఇలాంటి పని మొదలుపెట్టాలంటే ఉపయోగపడుతుంది. విమానంలోంచి లేజర్ కిరణాలు వదిలి నేల ఎత్తు కొలిచిన డేటా ఇది. ఇంగ్లండ్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఒక మీటరు గ్రిడ్‌లో ఉచితంగా ఇస్తోంది. ఐదు కిలోమీటర్ల చదరాలుగా దింపుకోవచ్చు. రెండు రకాలుంటాయి. చెట్లూ ఇళ్ళూ అలాగే ఉన్నదొకటి, వాటిని తీసేసి వట్టి నేల చూపించేది ఇంకొకటి. అడవిలో దారి వెతకాలంటే రెండోదే కావాలి.

దింపుకున్న ఫైలు నేరుగా తెరిస్తే బూడిదరంగు మచ్చ తప్ప ఏమీ కనిపించదు. హిల్‌షేడ్ వెయ్యాలి, అంటే ఒక పక్క నుంచి ఎండ పడుతున్నట్టు నీడలు తెప్పించాలి. క్యూజీఐఎస్‌లో మామూలుగా వాయవ్యం నుంచి, 45 డిగ్రీల ఎత్తు నుంచి వెలుగు వస్తుంది. స్టేన్ స్ట్రీట్ ఈశాన్యం నుంచి నైరుతికి పోతుంది కాబట్టి వాయవ్యపు వెలుగు దానికి అడ్డంగా పడుతుంది, మన అదృష్టం. 45 డిగ్రీలు మాత్రం మరీ ఎక్కువ. పొద్దు వాలినప్పటి ఎండలా 15కో 20కో దించితే, జానెడు ఎత్తున్న గట్టు కూడా నీడ వేస్తుంది. వెలుగు దిక్కు కూడా మార్చి మార్చి చూడాలి. దారి ఏ దిక్కుకి పోతోందో అదే దిక్కు నుంచి వెలుగు వేస్తే గట్టు మాయమైపోతుంది.

అసలు తలనొప్పి ఏమిటంటే, ఏమీ కనిపించకపోవడం కాదు, ఎక్కువ కనిపించడం. సస్సెక్స్ నేల నిండా గీతలే. పాత కంచెల గట్లు, అడవి సరిహద్దు గట్లు, పొలాల్లో నీరు పోయేందుకు తవ్విన కాలువలు, గ్యాసు పైపులైన్లు, మూసేసిన రైలు మార్గాలు. తెర మీద తిన్నగా ఉన్న ప్రతిదీ రోమన్ల లాగే ఉంటుంది. అందుకని అడ్డుకోతలు తీస్తున్నాను. క్యూజీఐఎస్ కొత్త వెర్షన్లలో ఎత్తుల ప్రొఫైల్ చూపించే టూల్ ఉంది. అనుమానం ఉన్న గీతకి అడ్డంగా ముప్పై నలభై మీటర్ల గీత గీస్తే నేల ఎగుడుదిగుడు గ్రాఫులా వస్తుంది. పైపులైనుకి ఒకే గుంట. కంచె గట్టుకి సన్నటి మొన, ఒక పక్క గుంట. రైలు కట్ట అంచులు మరీ నీటుగా ఉంటాయి. రోమన్ దారికైతే వెడల్పాటి, తక్కువ ఎత్తు బోర్లా పళ్ళెం ఆకారం, దానికి రెండు పక్కలా కాస్త దూరంగా చిన్న కాలువలు. నాగలి కింద పడి అరిగిపోయిన చోట ఒక్క కోత చాలదు. పక్కపక్కనే చాలా కోతలు తీసి సగటు చేస్తే మట్టిగడ్డల గోల పోయి ఆకారం తేలుతుంది.

డిసెంబరు, ఉత్తరపు ముక్క

ఆష్టెడ్ దగ్గర పెబుల్ లేన్ ఎక్కి మికిల్‌హామ్ కొండల దాకా. ఇది గుర్రాల బాట, ఎవరైనా నడవచ్చు. సుద్ద నేల కాబట్టి వానలోనూ కాళ్ళు దిగబడవు. దారి ఎంత స్పష్టంగా ఉందంటే, రాయడానికి ఏమీ లేదు. మొత్తం ఎరుపు.

డార్కింగ్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఊరు మొత్తం ఇళ్ళ కింద పోయింది. లైడార్‌లో అక్కడ కనిపించేవి ఇళ్ళ పునాదులూ పార్కింగులూ మాత్రమే. మోల్ నదిని బర్‌ఫర్డ్ బ్రిడ్జి ప్రాంతంలో దాటిన దగ్గర్నుంచి హోమ్‌వుడ్ పక్కన రెడ్‌లాండ్స్ అడవిలో మళ్ళీ గట్టు కనిపించేదాకా చుక్కల గీతే పెట్టాను.

జనవరి

రోహుక్, రోమన్ వుడ్స్, ఆల్‌ఫోల్డీన్. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే, బురద సంగతి పక్కన పెడితే.

ఆక్‌లీ దాటాక కొంత దూరం పోయి ఏ29 పక్కకి తప్పుకుంటుంది. పాత దారి మాత్రం తన దిక్కు వదలకుండా రోహుక్ మీదుగా రోమన్ వుడ్స్ అనే అడవిలోకి దిగి, రోమన్ గేట్ అనే కూడలి దగ్గర మళ్ళీ ఏ29ని కలుస్తుంది. రోహుక్ దగ్గరే ఒక కొమ్మదారి చీలి వాయవ్యంగా ఫార్లీ హీత్‌లోని రోమన్ల నాటి గుడి దాకా పోయేది.

ఇక్కడ నేల బంకమట్టి. చలికాలంలో బూటు పెడితే బూటు అక్కడే ఉండి కాలొక్కటే పైకి వస్తుంది. అడవిలో బాట ఒకచోట చిన్న వాగులోకి దిగుతుంది. గట్టు తెగిన చోట వంగి చూస్తే, పసుపు బంకమట్టి మధ్యలో అడుగు మందాన రాళ్ళ పొర. ఎక్కువ చెకుముకి రాళ్ళే, అంచులు విరిగి, ఒకదానికొకటి కరుచుకుని ఉన్నాయి. పొర పైభాగం మధ్యలో కాస్త ఉబ్బి, పక్కలకి పలచబడుతోంది. ఈ బంకమట్టిలో చెకుముకి రాయి దానంతటది పుట్టదు. అది సుద్ద కొండల్లో దొరికే రాయి, ఎవరో బండ్లకెత్తి తేవాల్సిందే. ఆ పొర రోమన్లదా, తర్వాతి కాలంలో బాట బాగు చేసుకున్న ఊరివాళ్ళదా అన్నది తవ్వకుండా తేల్చలేం. కాబట్టి ఫొటో తీసి, కోఆర్డినేట్ పెట్టి, రాళ్ళ మీద చెయ్యి వెయ్యకుండా వచ్చేశాను.

పక్క మాట: తూర్పున లండన్–లూయిస్ రోమన్ దారిలో రాళ్ళకి బదులు ఇనుప చిట్టెం పరిచారు. చుట్టుపక్కల ఇనుము కరిగించే బట్టీలు ఉండేవి, చిట్టెం గుట్టలుగా పడి ఉండేది. అది తుప్పు పట్టి మొత్తం ఒకే పలకలా గట్టిపడింది. 1939లో హోల్టై దగ్గర మార్గరీ తవ్వినప్పుడు ఆ పొర మీద బండి చక్రాల గాడులు కూడా కనిపించాయి.

ఆల్‌ఫోల్డీన్ దగ్గర దారి ఆరన్ నదిని దాటుతుంది. రేవు పక్కనే చుట్టూ కట్ట కట్టిన మజిలీ ఉండేది. ప్రభుత్వ పనుల మీద తిరిగేవాళ్ళు గుర్రాలు మార్చుకుని, తిని, పడుకునే చోటు. ఇప్పుడు ఏ29 దాన్ని నడిమధ్యకి చీల్చుకుంటూ పోతోంది. 1920ల్లో ఎస్.ఇ. విన్‌బోల్ట్ ఇక్కడ తవ్వాడు. ఆయన మా హోర్షాం పక్కనే ఉన్న క్రైస్ట్స్ హాస్పిటల్ స్కూల్లో పంతులు. తర్వాత 2005లో టైమ్ టీమ్ టీవీ కార్యక్రమం వాళ్ళూ తవ్వారు. రోడ్డు పక్కన నిలబడి చూస్తే గడ్డి తప్ప ఏమీ లేదు. లైడార్‌లో మాత్రం కట్ట మూల తిరిగిన చోటు కనిపిస్తుంది.

ఇది చట్టరక్షణ ఉన్న స్థలం. 1979 చట్టం ప్రకారం ఇలాంటి చోట అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ తిప్పడం నేరం, తవ్వడం సంగతి చెప్పనక్కర్లేదు. ఏమైనా దొరికిందా అని వాట్సాప్‌లో అడుగుతున్న స్నేహితులందరికీ ఇదే జవాబు. నేను నాణేల కోసం తిరగడం లేదు.

జనవరి, ఎండ కాసిన ఒక ఆదివారం

ఒకరికొకరు కనిపించని రెండు కొసల మధ్య తిన్నటి గీత ఎలా వేస్తారో చేసి చూడాలని ఎప్పటి నుంచో ఉంది. ఊరి బయట మిట్ట ఉన్న పార్కుకి నాలుగు వెదురు కర్రలతో వెళ్ళాం. మిట్టకి ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి పాతాం. ఒక కర్ర దగ్గర నుంచి రెండోది కనిపించదు. నేనూ తమ్ముడూ మిట్ట మీద, ఇద్దరి మధ్య పాతిక అడుగుల ఎడంతో, మిగిలిన కర్రలు పట్టుకుని నిలబడ్డాం. నాకు తమ్ముడి కర్ర, దాని వెనక దక్షిణపు కర్ర కనిపిస్తాయి. అతనికి నా కర్ర, దాని వెనక ఉత్తరపు కర్ర కనిపిస్తాయి. ముందు నేను అతన్ని నా వరసలోకి జరిపాను. తర్వాత అతను నన్ను తన వరసలోకి జరిపాడు. మళ్ళీ నేను, మళ్ళీ అతను. ప్రతిసారీ జరగాల్సింది తగ్గుతూ వచ్చి, ఒక దశలో ఇద్దరం కదలనక్కర్లేకుండా పోయింది. నాలుగు కర్రలూ ఒకే వరస!

కుక్కతో వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఏ ఆట ఇది అని అడిగాడు.

రోమన్లకి దీనికి తోడు గ్రోమా అనే పనిముట్టు ఉండేది. నిలువు కర్ర మీద అడ్డంగా సిలువ, దాని నాలుగు చేతులకీ మేస్త్రీల తూకం గుండుల్లాంటి బరువులు వేలాడేవి. ఎదురెదురు దారాలను కలిపి చూస్తే గీత దొరుకుతుంది. గాలి వీస్తే దారాలు ఊగుతాయి కాబట్టి పని ఆపాల్సిందే. లండన్ నుంచి చిచెస్టర్ అంటే ఇదే పద్ధతి కొండ నుంచి కొండకి, కర్రల బదులు మంటలతోనో పొగతోనో చేశారని చాలామంది అనుకుంటారు. పార్కులో చేసి చూశాక నాకూ అది నమ్మదగిన మాటే అనిపిస్తోంది. కావాల్సింది పెద్ద గణితం కాదు, ఓపికగా నిలబడే మనుషులు.

ఫిబ్రవరి, వాన

హార్డమ్. పుల్‌బరో దిగి ఆరన్ పల్లపు నేల దాటగానే రెండో మజిలీ. 19వ శతాబ్దంలో మిడ్‌హర్స్ట్ వైపు వేసిన రైలు మార్గం దీని మీదుగానే పోయింది. ఆ రైలూ 1955లో ప్రయాణికులకి ఆగిపోయింది. పాడుపడ్డ దాని మీద ఇంకో పాడుపడ్డది.

మ్యాపు మీద ఆల్‌ఫోల్డీన్ నుంచి హార్డమ్‌కి కొలిస్తే 18 కిలోమీటర్లకి కాస్త తక్కువ. రోమన్ మైలు సుమారు 1,480 మీటర్లు, కాబట్టి ఇది 12 మైళ్ళు. డార్కింగ్ నుంచి ఆల్‌ఫోల్డీన్ కూడా దాదాపు అంతే. హార్డమ్ నుంచి చిచెస్టర్ ద్వారం 14. బండి మీద వెళ్ళేవాడికి ఒక రోజు ప్రయాణం.

విచిత్రం ఏమిటంటే, రోమన్ల కాలం నాటి దారుల పట్టిక ‘ఆంటొనైన్ ఇటినరరీ’లో చిచెస్టర్ నుంచి లండన్‌కి రాసిన ప్రయాణం ఈ దారిలో లేదు. అది వించెస్టర్, సిల్చెస్టర్ మీదుగా చుట్టూ తిరిగి 96 మైళ్ళు పోతుంది. కళ్ళ ముందు ఇంత మంచి అడ్డదారి పెట్టుకుని! కాబట్టి స్టేన్ స్ట్రీట్‌కి రాతపూర్వకమైన సాక్ష్యం దొరకదు. మజిలీల పేర్లు కూడా ఆ పట్టిక ఇవ్వదు. ఉన్నదల్లా నేలే.

మార్చి, మొగ్గలు రాకముందు

బిగ్నర్ హిల్. ఆకులు వస్తే అడవిలో గట్టు కనిపించదు కాబట్టి ఇదే ఆఖరి అవకాశం.

హార్డమ్ తర్వాత దారి వెస్ట్ బర్టన్ వైపు పొలాల్లో పోతుంది. ఈ భాగంలో నాకు నారింజ రంగు చాలా తక్కువ, చుక్కలు చాలా ఎక్కువ. దున్ని దున్ని నేల చదునైపోయింది. రాళ్ళు కూడా తర్వాతి కాలాల్లో రోడ్ల మరమ్మతుకీ గోడలకీ ఎత్తుకుపోయి ఉంటారు. ఒక పొలం రైతుని అడిగితే, “ఆ గీత మీద నాగలి గట్టిగా తగులుతుంది, మా నాన్న కాలం నుంచీ అంతే” అన్నాడు. అనుమతి అడిగి కంచె పక్కగా నడిచి చూశాం. పొలం మధ్యలో చెకుముకి రాళ్ళు ఒక పట్టీలా చిమ్మి ఉన్నాయి, పట్టీకి రెండు పక్కలా మట్టి తప్ప రాయి లేదు. లైడార్‌లో అదే చోట సగటు కోత తీస్తే బెత్తెడు ఉబ్బు. ఆ ముక్క చుక్కల్లోంచి నారింజకి మారింది.

పొలాల మధ్యలో బిగ్నర్ రోమన్ విల్లా ఉంది. 1811లో జార్జ్ టప్పర్ అనే రైతు నాగలికి రాయి తగిలి బయటపడిన మొజాయిక్ నేలలు. చూసి తీరాల్సినవి, కానీ ఆ రోజు తలుపులు మూసి ఉన్నాయి.

కొండ ఎక్కేటప్పుడు దారి తిన్నగా ఎక్కదు. ఉత్తరపు వాలు చాలా నిటారు. అందుకని వాలును ఏటవాలుగా కోసి, మెట్టులా చేసి, దాని మీదుగా నెమ్మదిగా పైకి తీసుకుపోయారు. ఇంట్లో లైడార్‌లో ఇది సరిగ్గా తేలలేదు. వాయవ్యపు వెలుగు ఈ వాలు మీద నేరుగా పడి అంతా తెల్లగా చేసేసింది. హిల్‌షేడ్ తీసేసి నేల ఎంత నిటారో చూపించే వాలు మ్యాపు వేస్తే మెట్టు స్పష్టంగా వచ్చింది. నడిస్తే ఇంకా స్పష్టం. పక్కన నిటారు బాటలో ఎగశ్వాస వచ్చేది, మెట్టు మీద కబుర్లు చెప్పుకుంటూ ఎక్కాం.

పైన కార్ పార్క్ దగ్గర లండీనియం (లండన్) ఇటు, నోవియోమాగస్ (చిచెస్టర్) అటు అని లాటిన్ పేర్లతో చెక్క సూచిక ఉంది. అక్కడి నుంచి గంబర్ ఫారం వైపు నడిస్తే, ఇన్నాళ్ళూ అంగుళాల్లో వెతుకుతున్న గట్టు ఒక్కసారిగా మనిషి నడుము ఎత్తున ఎదురొస్తుంది. తమ్ముడు చూసిన వెంటనే, “అన్నా, ఇది మా సాగర్ కాలువ గట్టే!” అన్నాడు. నిజమే, నీళ్ళు లేని మేజరు కాలువ గట్టు మీద నడుస్తున్నట్టే ఉంది. రెండు పక్కలా గడ్డి కప్పిన పల్లపు చాళ్ళు. ఈ బయటి చాళ్ళ మధ్య వెడల్పు పాతిక మీటర్లకి పైనే. బండ్లు నడిచే భాగం అందులో మూడో వంతు మాత్రమే. మిగతాదంతా దారి కోసం వదిలిన నేల. గొర్రెలు గట్టు పక్కన గడ్డిని కురచగా కొరికేసిన చోట, కుందేళ్ళు తవ్వి పోసిన మట్టిలో సుద్ద పొడీ చెకుముకి ముక్కలూ కలిసి తెల్లగా కనిపించాయి. తవ్వకుండానే లోపలి సరుకు చూపించిన ఘనత కుందేళ్ళది.

ఇంత బాగా ఎందుకు మిగిలిందంటే, ఇక్కడ తర్వాత ఎవరికీ ఈ దారి అవసరం పడలేదు, నేలా నాగలికి పనికిరాలేదు. గొర్రెల మేతకి వదిలేశారు. బిల్లింగ్స్‌హర్స్ట్‌లో వాడకం వల్ల గీత మిగిలి దారి పోయింది. గంబర్‌లో వాడకపోవడం వల్ల దారే మిగిలింది.

గట్టు మీద నుంచి నైరుతికి చూస్తే, గాలి తేటగా ఉన్నప్పుడు చిచెస్టర్ కెథడ్రల్ శిఖరం కనిపిస్తుంది. దిక్సూచి పెట్టి చూశాను. గట్టు ముఖం దాదాపు దాని వైపే ఉంది.

మార్చి చివర, ఫైలు పరిస్థితి

గంబర్ నుంచి ఈర్థమ్ అడవి దాకా ఎరుపు. ఏ285 కలిసిన తర్వాత వదిలేశాను. హార్డమ్–బిగ్నర్ మధ్య నారింజ ముక్కలు అక్కడక్కడా. డార్కింగ్ అంతా ఇంకా చుక్కలే.

వాగు గట్టులోని రాళ్ళ పొర ఫొటోలూ, పొలంలో రాళ్ళ పట్టీ కోఆర్డినేట్లూ, సగటు కోతల గ్రాఫులూ కలిపి కౌంటీ పురావస్తు రికార్డుల విభాగానికి పంపాను. రైతు పేరూ పొలం పేరూ బయటికి చెప్పొద్దని ఆయన కోరాడు కాబట్టి నా మ్యాపులో ఆ ముక్కని కావాలనే ఉజ్జాయింపుగా చూపించాను.

తర్వాత చూడాల్సింది ఫార్లీ హీత్ కొమ్మదారి. లైడార్ చదరాలు దింపి పెట్టాను. అది వాయవ్యానికి పోతుంది, కాబట్టి ఈసారి వెలుగు ఈశాన్యం నుంచి వెయ్యాలి.